తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో చౌర్యం యంత్రానికి చిక్కదు

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో గ్రంథచౌర్యం గురించి పది రోజుల కిందట మీరు ప్రచురించిన కథనంలో, సాఫ్ట్‌వేర్ తనిఖీ వచ్చాక ఈ జాడ్యం తగ్గిపోయిందని ఒక అధికారి చెప్పిన మాట చదివినప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. తెలుగు శాఖల విషయంలో ఆ మాట నిజం కాదు.

రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగ పాటలు సేకరించి 1994లో నేను సిద్ధాంత గ్రంథం సమర్పించాను. అదే విషయం మీద మరొక విశ్వవిద్యాలయంలో ఈమధ్య డాక్టరేట్ పొందిన గ్రంథాన్ని, సిద్ధాంత గ్రంథాలను ఇంటర్నెట్‌లో ఉంచే శోధ్‌గంగలో తెరిచి చూస్తే, అందులో రెండు అధ్యాయాలు నావే. పాటలు ఊరివాళ్ల సొత్తు, వాటిని ఎవరైనా సేకరించవచ్చు. వాటి కింద నేను రాసుకున్న వ్యాఖ్యానం, అందులో దొర్లిన అచ్చుతప్పులతో సహా, యథాతథంగా అక్కడ ఉంది. పాట పాడిన ఒక అవ్వ వయసు నా అనుబంధంలో 70 ఏళ్లని రాశాను, ఆ కొత్త గ్రంథంలోనూ 70 ఏళ్లనే ఉంది. ఆ అవ్వ పోయి ఇరవై ఏళ్లు దాటింది.

ఇంత జరిగినా ఆ గ్రంథానికి సారూప్యం, అంటే ఇతర రచనలతో పోలిక, దాదాపు లేదని ధ్రువపత్రం దొరికింది. దొరకడంలో వింతేమీ లేదు. టైపు చేయించి అట్ట వేయించిన నా ప్రతి గ్రంథాలయం బీరువాలో ఉంది తప్ప కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. కొత్త గ్రంథాలు, ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాలుగా గుర్తించే యూనికోడ్‌లో కాక, అచ్చుపనికి వాడే పాతతరం అను ఫాంట్లలో ఉంటే, మన కంటికి తెలుగుగా కనిపించేది యంత్రానికి అర్థంలేని రోమన్ గుర్తుల వరుస మాత్రమే. పైగా వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిస్తే లెక్కించవద్దని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు చెబుతున్నాయి. విభక్తులూ ప్రత్యయాలూ పదంలోనే కలిసిపోయే మన భాషలో 14 పదాలంటే ఒక పూర్తి వాక్యం, ఒక్కోసారి రెండు. ఒక ప్రత్యయం మార్చినా ఆ వరుస తెగిపోతుంది. ఇక ఇంగ్లీషు పుస్తకంలోని అధ్యాయాన్ని తెలుగు చేసి తనదిగా చెప్పుకున్నవారిని కేవలం పదాలు పోల్చే తనిఖీ ఎలా పట్టుకోగలదు?

నిబంధనల్లో శిక్షలు లేకపోలేదు. సారూప్యం 10 శాతం లోపు ఉంటే శిక్ష ఉండదు, 60 శాతం దాటితే పరిశోధకుడి నమోదే రద్దవుతుంది, పట్టా ఇచ్చాక చౌర్యం రుజువైతే దానిని నిలిపి ఉంచవచ్చు. శాఖాస్థాయి కమిటీ 45 రోజుల్లో, ఆపై సంస్థాస్థాయి కమిటీ మరో 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నేను రెండు ప్రతులనూ పుటల వారీగా పోల్చి, గీతలు గీసి పంపి రెండేళ్లయింది. ఫిర్యాదు అందిందన్న ఒక్క ఉత్తరం తప్ప మరేమీ రాలేదు. ఆ శాఖకు ఫోన్ చేస్తే, సాఫ్ట్‌వేర్‌లో రానిదానిని మేమేం చేస్తామని ఒకరు, ఇన్నేళ్ల తర్వాత మీకెందుకండీ ఈ గొడవ అని మరొకరు అన్నారు. పాతికేళ్లకు పైగా పిల్లలకు పాఠం చెప్పిన నాకు ఆ రెండో మాట ఎక్కువ బాధ కలిగించింది.

ఉత్తరాఖండ్‌లోని కుమావూఁ విశ్వవిద్యాలయ ఉపకులపతి గ్రంథచౌర్య ఆరోపణల్లో చిక్కుకొని 2003లో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ చౌర్యాన్ని బయటపెట్టింది ఆ శాస్త్రం తెలిసి, ఆయన పత్రాన్ని చదివి, కలత చెంది రాష్ట్రపతి దాకా లేఖలు రాసిన భౌతికశాస్త్రవేత్తలు. మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2008లో ఒక ఆచార్యుడి దాదాపు 70 పత్రాల చౌర్య వ్యవహారం ప్రపంచమంతా చెప్పుకునేదాకా వెళ్లింది. ఆ తర్వాతైనా మనవాళ్లు చదవడం అలవాటు చేసుకోవలసింది. మౌఖిక పరీక్షకు వచ్చి, శాతం ఎంత అని మాత్రమే అడిగి సంతకం పెట్టే పరీక్షకులను నేను కళ్లారా చూశాను. ఒక్కో ఆచార్యుడి దగ్గరికి ఏటా వచ్చే గ్రంథాలు ఎన్నో నాకు తెలుసు. తీరిక లేకపోతే వెనక్కి పంపాలి, చదవకుండా సంతకం చేయకూడదు.

తెలుగు గ్రంథాలను యూనికోడ్‌లోనే స్వీకరించాలి. బీరువాల్లోని పాత గ్రంథాలను స్కాన్ చేయించాలి. అదే విషయం మీద అంతకుముందు వచ్చిన గ్రంథాల జాబితాను పర్యవేక్షకుడు తన సంతకంతో జతచేయాలి, పరీక్షకులు వాటిలో రెండింటినైనా తెప్పించుకొని పక్కన పెట్టుకొని చదవాలి. ఫిర్యాదు మీద కమిటీ ఏం తేల్చిందో ఫిర్యాదుదారుకు రాతపూర్వకంగా చెప్పాలి. నా దస్త్రం ఏ బల్ల మీద ఉందో కనీసం ఈ లేఖ చూసైనా ఆ విశ్వవిద్యాలయం వారు వెతకాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
అనంతపురం