షామా వేకువ పాటను భద్రపరుద్దాం

సంపాదకులకు,

లుడ్విగ్ కోచ్ అనే జర్మన్ బాలుడు 1889లో, ఎనిమిదేళ్ల వయసులో, ఇంట్లో పెంచుకుంటున్న షామా అనే పాటల పిట్ట పాటను ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మైనపు సిలిండర్‌పై రికార్డు చేశాడు. పక్షి పాటకు లభిస్తున్న తొలి ధ్వనిముద్రణగా దాన్ని చెబుతారు. ఆ పాట పంజరంలోది. అదే జాతి పిట్ట, మన పెరటి పెద్దనల్లంచికి దగ్గరి చుట్టం, మారేడుమిల్లి వెదురు పొదల్లో నేటికీ స్వేచ్ఛగా పాడుతోంది.

తెలవారుజామున గాలి నిలిచి, ఘాట్ రోడ్డుపై వాహనాలు తిరగకముందే, పొదల చాటు నుంచి అది ఇతర పక్షుల కూతలను కూడా అనుకరిస్తూ వరస మార్చి మార్చి పాడే తీరును ఆసక్తి గలవారు రికార్డు చేసి భద్రపరచాలని నా విన్నపం. ఫోనైనా పనికొస్తుంది, అయితే సన్నని స్వరాలు నష్టపోకుండా వేవ్ (WAV) ఫైలుగా, అంటే ధ్వనిని కుదించని రూపంలో దాచి, చివర తేదీ, సమయం, చోటు మన గొంతుతోనే చెప్పాలి. ఆ వివరాలు లేని రికార్డింగు పరిశోధకులకు దాదాపు ఉపయోగపడదు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఫోటో కోసం రికార్డు చేసిన పాటను స్పీకరులో మళ్లీ మళ్లీ వినిపించి పిట్టను బయటికి రప్పించడం తప్పు. తన హద్దులోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని అది మేత మాని, గూటిని వదిలి, లేని శత్రువు కోసం వెతుకుతుంది. గూళ్లు పెట్టే వేసవి నెలల్లోనైనా అటవీ శాఖ సందర్శకులను ఈ విషయమై హెచ్చరించాలి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం