కమిషనర్ గారికి: తగ్గింది నేరాలా, కేసులా?

పోలీస్ కమిషనర్ గారూ, నమస్కారం. ఉత్తరాలకు జవాబు రాలేదు, అందుకే అందరి ముందూ అడుగుతున్నాను. గస్తీ పెంచాక నేరాలు తగ్గాయంటున్నారు, కానీ మీరు చూపిస్తున్నది నమోదైన కేసుల లెక్క. ఫోన్ కొట్టేశారని స్టేషన్‌కు వెళ్లినవాళ్లతో ‘పోగొట్టుకున్నాను’ అని రాయించుకుని పంపేస్తే, దొంగతనం లెక్కలోంచి మాయమవుతుంది, ఆ మనిషి గోడు మాత్రం అలాగే ఉంటుంది. పైగా నేరాలు ఎక్కువున్న చోటికే పోలీసుల్ని పంపుతారు కదా, ఇక దేనివల్ల ఏది జరిగిందో ఉత్త పోలికతో ఎలా తేలుతుంది?

1972-73లో అమెరికాలోని కాన్సస్ సిటీలో 15 బీట్లు (పోలీసులు గస్తీ కోసం విడగొట్టుకున్న ప్రాంతాలు) తీసుకుని కొన్నిట్లో మామూలు గస్తీ ఆపేసి, కొన్నిట్లో రెండు మూడు రెట్లు పెంచి, బాధితుల సర్వే కూడా చేస్తే నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. (నేరాలు గుమిగూడే చోట్ల గస్తీ పనిచేస్తుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది, అదీ ఒప్పుకోవాలి.)

బీట్లవారీగా గస్తీ గంటలు, వచ్చిన కాల్స్, కట్టిన కేసులు నెలనెలా బయటపెట్టండి. ఈసారి గస్తీ పెంచే బీట్లను లాటరీ తీసి ఎంచండి, బాధితుల సర్వే బయటివాళ్లతో చేయించండి.