బోర్డు మీద రాస్తున్నంతసేపూ మావాడు ఊగుతాడు

సంపాదకులకు నమస్కారం.

మాది తాడిపత్రి. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా చిన్నోడికి 8 ఏళ్లు, పుట్టుకతోనే చూపు లేదు. మాది మేనరికం. రెటీనా జబ్బు వంశంలోంచి వచ్చిందని డాక్టరు చెప్పారు. వాడు కూర్చున్నచోటే ముందుకూ వెనక్కూ ఊగుతాడు, పిడికిలితో కళ్లు నొక్కుకుంటాడు. పోయిన నెల బడికి పిలిపించి, "వీణ్ని చూసి మిగతా పిల్లోళ్లూ ఊగుతున్నారమ్మా, కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకో" అన్నారు. ఒకరోజు చేతులు తువ్వాలుతో కట్టేశారట. వాడు చెప్పలేదు, పక్కన కూర్చునే పాప చెప్పింది.

ఇది పిచ్చి కాదు, పొగరు అంతకన్నా కాదు. కంటిని నొక్కితే లోపల రెటీనా మీద ఒత్తిడి పడి వెలుగులాంటిది తోస్తుందట. అలాగని వదిలేయనూ కూడదు, ఏళ్ల తరబడి నొక్కితే కళ్లు గుంటలు పడతాయి. మొదట్లో నేనూ చేతి మీద కొట్టాను. కొట్టేకొద్దీ ఇంకా ఎక్కువ చేశాడు. ఇప్పుడు "నాయనా, చెయ్యి" అని మోచేతి మీద మెల్లగా తడతాను, వాడే దించుతాడు.

శెనక్కాయలు ఒలిచేటప్పుడు మాత్రం అస్సలు ఊగడు. ఒక్కో కాయా చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. గలగలమంటే ఒలుస్తాడు, లేకుంటే పక్కన పెడతాడు. చేటెడు కాయలు అయ్యేదాకా వీపు కదలదు. మరి బడిలో ఎప్పుడు ఊగుతావని అడిగాను. "సారు బోర్డు మీద రాస్తాడు కదమా, అప్పుడు. చాక్‌పీసు చప్పుడు తప్ప నాకేమీ తెలీదు" అన్నాడు.

చేతికి పనిలేక, చెవికి మాటలేక కూర్చున్న పిల్లోడు ఊగక ఏం చేస్తాడు? రాసేది పైకి చదువుతూ రాయండి సార్. బ్రెయిలీ పలక చేతికివ్వండి, లెక్కలకు పూసల చట్రం ఇవ్వండి. నోటుపుస్తకాలు పంచే పని చెప్పి నాలుగడుగులు నడిపించండి. ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరమ్మ చెప్పినవీ ఇవే. కానీ ఆమె దగ్గర వాడుండేది కొద్దిసేపే, మిగతా పొద్దంతా బడిలోనే కదా.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కుంది. టీచర్ల శిక్షణలో ఒక్క పూటైనా చూపులేని పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పడానికి కేటాయించాలని జిల్లా విద్యాశాఖ అధికారులను వేడుకుంటున్నాను. సోమవారం వాణ్ని మళ్లీ బడికి తీసుకుపోతున్నాను.

- ఒక తల్లి, తాడిపత్రి, అనంతపురం జిల్లా