రాకెట్ గ్యాలరీలో యానాది పిల్లలకూ చోటివ్వండి

సంపాదకులు గారికి,

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉందంటే చాలు, పిల్లల్ని కార్లో ఎక్కించుకుని వెళ్లేవాళ్లు మా నెల్లూరులో చాలామందే. మంచిదే. కానీ గ్యాలరీలో కూర్చుని చూడాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఇంట్లో స్మార్ట్‌ఫోనే లేని యానాది గిరిజన పిల్లాడు ఎలా చేసుకుంటాడు? రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవిలో తరతరాలుగా బతికింది వాళ్ల పెద్దలే కదండీ.

ఈ పిల్లలకు సైన్స్ ఎక్కదని అనుకోవడం అన్యాయం. ముత్తుకూరు వైపు కాలవగట్టున ఓ యానాది అమ్మాయి పీతను వెల్లకిలా తిప్పి, పొట్ట కింద మూతలా ఉండే భాగం సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది అని నాకు చూపించి, గుడ్లున్న పీతను మళ్లీ నీళ్లలో వదిలేసింది. ఇది జీవశాస్త్రం కాక మరేమిటి? బడి మానేసిన ఆ పిల్లను సైన్స్ ఫెయిర్‌కు పిలిచేవాళ్లే లేరు.

ఏటా సంక్రాంతి దాటాక మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అప్పుడు జిల్లా అధికారులు యానాది కాలనీల పిల్లల్ని బస్సు, భోజనం పెట్టి తీరానికి తీసుకెళ్లాలి, తాబేళ్ల గురించి వాళ్ల పెద్దవాళ్లనే దగ్గరుండి చెప్పమనాలి, ఆ పెద్దవాళ్లకు ఆ రోజు కూలీ కూడా ఇవ్వాలి. రాకెట్ గ్యాలరీలోనూ ప్రతి ప్రయోగానికీ కొన్ని సీట్లు, ఆన్‌లైన్‌తో పనిలేకుండా, వీళ్లకోసం పక్కన పెట్టాలి.

– ఒక ఉపాధ్యాయురాలు, నెల్లూరు