డాల్డా సంగతి

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోను అమ్మ ఫోన్‌లో పెద్దగా చేసుకుని చూశాను. ట్రేలో పెట్టినప్పుడు పన్నెండు, తీసేసరికి ఒక్కటే అన్నావు. నిజమే, అవి ఉస్మానియా బిస్కెట్లలా లేవు, అట్టులా ఉంది. ఓవెన్ పాడైందని నువ్వు, అక్కడి మైదా మంచిది కాదని అల్లుడు అనుకుంటున్నారట. రెండూ కాదు. తప్పు నాది. ఫోన్‌లో చెప్తే పక్కనే అమ్మ వింటుందని ఉత్తరం రాస్తున్నా.

మన దుకాణం బోర్డు మీద 'వెన్న బిస్కెట్లు' అని ఎర్రరంగుతో రాయించింది గుర్తుందా? పది కిలోల మైదాకు ఆరున్నర కిలోల కొవ్వు పడేది. అందులో వెన్న కిలోన్నర. మిగతా ఐదు కిలోలు డాల్డా, అదే వనస్పతి. వాసనకు ఆ కిలోన్నర సరిపోయేది. మొన్న నువ్వు లెక్క అడిగితే 'ఆరున్నర కిలోలు వెన్న' అని చెప్పేశాను. ఇరవై ఏళ్లు అందరికీ అదే చెప్పి చెప్పి, నీకు కూడా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

వెన్న మన ఒంటి వేడికే కరుగుతుంది, డాల్డా అంత తొందరగా కరగదు. అందుకే ఓవెన్‌లో డాల్డా బిస్కెట్ కాసేపు నిలబడుతుంది, ఆలోపు పిండి ఉడికి ఆకారం పట్టుకుంటుంది. నీది పిండి గట్టిపడకముందే పారిపోయింది. పైగా వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లే.

అలాగని నువ్వు డాల్డా వెతుక్కోకు. ఆ రోజుల్లో డాల్డా నిండా ట్రాన్స్‌ఫ్యాట్, అంటే గుండెకు చేటు చేసే కొవ్వు, ఉండేది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని మన దేశంలో రూల్ పెట్టారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు అమ్మ చూడకుండా పేజీ తిప్పేశాను. ఆ రోజుల్లో అందరూ అదే వాడేవాళ్లు, కానీ అందరి బోర్డు మీదా వెన్న అని రాసి లేదు కదా.

వెన్నతోనే చెయ్యి, పద్ధతి మార్చు. పది కిలోల లెక్కను యాభైతో భాగించాను. మైదా 200 గ్రాములు, వెన్న 130, పొడి చక్కెర 80, కస్టర్డ్ పౌడర్ 20, పాలపొడి 20, ఉప్పు 3, బేకింగ్ పౌడర్ 2, యాలకుల పొడి చిటికెడు. మీ దగ్గర వెన్న స్టిక్ 113 గ్రాములు ఉంటుంది కాబట్టి, ఒక స్టిక్ మీద టేబుల్ స్పూన్ పైచిలుకు. ఉప్పు వేసిన వెన్నయితే విడిగా వేసే ఉప్పు తగ్గించు, మానెయ్యకు. ఆ ఉప్పు నాలుక చివర తగలకపోతే అది ఉత్త తీపి బిస్కెట్. చాయ్ పక్కన నిలబడదు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు పెట్టుకున్న బిస్కెట్, మర్యాద కాపాడు.

(కస్టర్డ్ పౌడర్ కథ తెలుసా? బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన భార్యకు గుడ్లు పడవని 1837లో కార్న్‌ఫ్లోర్‌తో దాన్ని చేశాడు. ఆమెకు ఈస్ట్ కూడా పడదని తర్వాత బేకింగ్ పౌడర్ చేశాడు. మీ అమ్మకు వంకాయ పడదని నేను చేసింది ఏమీ లేదు.)

వెన్నను కరిగించకు. వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తబడితే చాలు. చక్కెరతో కలిపేటప్పుడు తెల్లగా నురుగొచ్చేదాకా గిలకొట్టకు, అది కేకుకు. అంత గాలి ఎక్కితే బిస్కెట్ ఉబ్బి, కూలి, పారుతుంది. పిండి జల్లించి వేసి, చపాతీ పిండిలా పిసకకుండా వేళ్లతో దగ్గరికి చేర్చు. పొడిగా అనిపిస్తే కుంకుమపువ్వు నానేసిన పాలు ఒక స్పూను. చిటికెన వేలు మందాన వత్తి, గుండ్రంగా కోసి, ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. డాల్డా చేసే పని ఇప్పుడు ఆ చల్లదనం చెయ్యాలి. పైన పాలు రాసి, 340 డిగ్రీలకు ముందే కాగిన ఓవెన్‌లో పదిహేను నిమిషాలు. మీది ఫారెన్‌హీట్ కదా, మన లెక్కలో 170.

మా భట్టీకి డిగ్రీలెక్కడివి? కట్టెలు కాలాక నిప్పులు పక్కకు లాగి, పొడుగు కర్రకు తడి గోనెపట్ట చుట్టి లోపల నేల తుడిచేవాళ్లం. గుప్పెడు మైదా విసిరితే వెంటనే నల్లబడిందంటే ఇంకా ఆగాలి. నెమ్మదిగా గోధుమరంగుకు తిరిగితే బ్రెడ్డు లోపలికి. బ్రెడ్డు దిగాక తగ్గిన వేడికి బిస్కెట్లు. రాత్రంతా మిగిలే గోరువెచ్చదనానికి, ముక్కలు కోసిన బ్రెడ్డు ఎండి పొద్దుటికి రస్కు అయ్యేది. చిన్నప్పుడు నువ్వు ఆ గుమ్మం దగ్గరే నిలబడేదానివి. కాలుతుందని ఒక్కసారి కూడా లోపలికి రానియ్యలేదు. కాలుతుందనే కాదు, లోపల డాల్డా డబ్బాలు వరసగా ఉండేవి.

బయటికి తీయగానే మెత్తగా ఉంటాయి, ఉడకలేదని మళ్లీ పెట్టేవు. చల్లారితేనే గట్టిపడతాయి. ఈసారి ఒకదాన్ని తిరగేసి అడుగు ఫోటో కూడా తీసి పంపు, ఉడికిందీ లేనిదీ అక్కడే తెలుస్తుంది. నా ఫోన్‌కు పంపు, అమ్మ ఫోన్‌కు కాదు.

మీ బాపు