అమ్మలూ, ఆ గీతలన్నీ ఒకటి కాదు

అమ్మలూ,

ఫోటోలు చూశాను. రెమింగ్టన్ 700 బీడీఎల్ రైఫిల్, అదీ .30-06 సైజు తూటాది, సెకండ్‌హ్యాండ్‌లో మంచిదే దొరికింది. గీతలు చూసి టెన్షన్ పడి మొత్తం రైఫిల్‌ని మళ్ళీ బ్లూయింగ్‌కి, అంటే ఉక్కుకి ఆ నల్లరంగు పట్టించడానికి, ఇచ్చేద్దామనుకుంటున్నావట, అమ్మ చెప్పింది. ఇప్పుడే ఇవ్వకు. మిషిగన్‌లో తుపాకీతో జింకల వేట సీజన్ మొదలయ్యేది నవంబరు 15న కదా, ఈలోపు నువ్వే చేసుకోగలిగిన పని చాలా ఉంది.

ముందు తూటాలుండే మ్యాగజైన్ ఖాళీ చేసి, వెనక పిడితో కదిలే బోల్ట్ బయటికి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా చూసుకో. నువ్వు కూర్చుని పని చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. ఎన్నిసార్లు చెప్తావు నాన్నా అని విసుక్కోకు.

తర్వాత ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి ఆనించి చూడు. బ్యారెల్‌కీ, దాని వెనక బోల్ట్ కదిలే రిసీవర్‌కీ ఠక్కున అతుక్కుంటుంది, అవి ఉక్కు. కింద ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డ్‌కీ, మ్యాగజైన్ అడుగు మూత ఫ్లోర్‌ప్లేట్‌కీ అతుక్కోదు, అవి అల్యూమినియం మీద నల్లపూత. ఫోటోలో తెల్లగా మెరుస్తున్న గీతలు చాలావరకు అక్కడివే. అల్యూమినియానికి ఎర్రతుప్పు పట్టదు కాబట్టి అవి కంటికి బాగోకపోవడమే తప్ప తుపాకీకి వచ్చిన నష్టం లేదు. ఉక్కుకి వాడే బ్లూయింగ్ మందు దానిమీద ఎంత రుద్దినా పట్టదు. ఇక హాట్ బ్లూయింగ్ అంటే కాస్టిక్ సోడా, నైట్రేట్ కలిపి 140 డిగ్రీల సెల్సియస్‌కి కాచే తొట్టి. అల్యూమినియం ముక్క అందులో పడితే మసకబారడం కాదు, కరగడం మొదలవుతుంది.

నాకు భయమల్లా బ్యారెల్ మీద గీత గురించే. ఆ నల్లరంగు పెయింట్ కాదు తల్లీ, ఉక్కు పైపొరే మాగ్నటైట్‌గా మారితే వచ్చిన రంగు, ఎర్రతుప్పుకి దగ్గర చుట్టమే, కానీ నూనెని పట్టి ఉంచుతుంది. గీత పడ్డచోట అది పోయింది, పైగా మీ ఊరు మార్కెట్ (Marquette) మంచులో తిరిగి తిన్నగా వెచ్చటి ఇంట్లోకి తెస్తే ఇనుమంతా చెమ్మ పడుతుంది. దీనికి కాచే పని లేకుండా చేత్తో రాసే కోల్డ్ బ్లూ మందు చాలు. మెటల్‌ని చెక్క స్టాక్‌లోంచి విడదీసి, గీత చుట్టూ అసిటోన్‌తో జిడ్డు పూర్తిగా తుడిచెయ్యి. ఆ తర్వాత వేలు తగలనివ్వకు, వేలిముద్ర ఉన్నచోట మందు ఎక్కదు. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి, ఇయర్ బడ్‌తో గీత మీదే రాసి, నిమిషం ఆగి, నీళ్ళతో కడిగి, 0000 నంబర్ స్టీల్ ఊల్‌తో, అంటే బాగా సన్నని ఉక్కు పీచుతో, మెల్లగా రుద్ది మళ్ళీ రాయి. రంగు కలిసేదాకా అంతే. చివర్లో బాగా కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి మర్నాడు మళ్ళీ చూడు, మందు మిగిలిపోతే అదే తుప్పు తెస్తుంది. అందులో సెలీనియం ఉంటుంది, విషం. గ్లవ్స్ వేసుకో, కిటికీ తియ్యి. ఎంత బాగా చేసినా అసలు బ్లూయింగ్ అంత గట్టిగా ఉండదు, కాబట్టి వేట నుంచి వచ్చిన ప్రతిసారీ నూనెగుడ్డతో తుడవాల్సిందే.

రిసీవర్ మీది సీరియల్ నంబర్ దగ్గర మాత్రం స్టీల్ ఊల్ కూడా తగలనివ్వకు. నంబర్ చెరిపిన తుపాకీ దగ్గర ఉంచుకోవడమే అక్కడ ఫెడరల్ నేరం. ఆ పక్కన గీత ఉంటే ఉండనీ.

ఫ్లోర్‌ప్లేట్ గీతలు మరీ చికాకు పెడుతుంటే ఆ కింది సెట్ మొత్తం మార్చుకోవచ్చు, అది తుపాకీ కింద లెక్క కాదు, మామూలు పార్శిల్‌లోనే వస్తుంది. నీది .30-06 కాబట్టి పొడవు తూటాలకి చేసిన లాంగ్ యాక్షన్‌ది అడుగు, పొట్టి .308 తూటా వాళ్ళు వాడే షార్ట్ యాక్షన్‌ది సరిపోదు. బిగించాక బోల్ట్ మూసి చూడు. ముందు స్క్రూ పొడవెక్కువైతే బోల్ట్ ముందుండే లగ్స్ అనే పళ్ళకి తగిలి పట్టేస్తుంది. స్క్రూలు విప్పి బిగించావంటే తూటా పడే చోటు జరగొచ్చు, అందుకని అడవికి వెళ్ళేముందు 100 గజాల దగ్గర కాగితం మీద కాల్చి జీరో, అంటే గురిపెట్టిన చోటే తూటా పడుతోందా అని, చూసుకోవాలి.

మజిల్ ఫోటో నువ్వింకా పంపలేదు. తూటా బయటికొచ్చే ఆ అంచు మీద చిన్న నొక్కున్నా గురి తప్పుతుంది, అది ఇంట్లో సరిచేసే పని కాదు, గన్‌స్మిత్ లేత్ మీద చెయ్యాలి. బోల్ట్ తీసేసి పగటి వెలుతురులో దగ్గరగా తీసి పంపు, చూసి ఆదివారం ఫోన్ చేస్తాను.

నాన్న