అన్నీ ఒకేసారి పుట్టినా ఒకేలా పెరగవండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో లోహపు పూతల మీద వచ్చిన వ్యాసం చదివానండి. మాది బందరు, చిలకలపూడి గిల్టు నగల మధ్య పెరిగినోణ్ణి, పైగా నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కూడా ఇదే, అందుకని ఒక్క ముక్క వదల్లేదు. బాగా రాశారు గానీ ఒక చోట ఆగిపోయా. ఎలక్ట్రోడ్ మీద, అంటే కరెంట్ పెట్టి పూత వేసే వస్తువు మీద, లోహపు కణాలన్నీ ఒకే క్షణంలో పుడితే అన్నీ ఒకే సైజుకి పెరుగుతాయని, ముందూ వెనకా పుడితేనే చిన్నా పెద్దా తేడా వస్తుందని రాశారు. నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నా లెండి. కానీ అది తప్పు.

అనంతపురం వైపు ఏ రైతునైనా అడగండి, ఒకే రోజు ఒకే లోతుకి వేసినా సరే పక్కపక్కనున్న బోర్లు ఒకదాని నీళ్లు ఇంకోటి లాగేసుకుంటాయి, పొలం చివర ఒంటరిగా ఉన్నది మాత్రం దర్జాగా పోస్తుంది. ఇక్కడ నీళ్ల బదులు అయాన్లు (ద్రావణంలో కరిగి ఉన్న, చార్జ్ ఉన్న లోహపు పరమాణువులు), అంతే. కణం తన చుట్టూ ఉన్న అయాన్లని తినేశాక కొత్తవి దూరం నుంచి డిఫ్యూజన్‌తో, అంటే తమంతట తాము అటూఇటూ తిరుగుతూ, రావాలి, అదేమో మహా నత్తనడక, నీళ్లలో మామూలు అయాన్ మొదటి సెకనులో సుమారు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) జరుగుతుంది. డిఫ్యూజన్‌లో దూరం సగమైతే టైమ్ పావు వంతే పడుతుంది. అందుకే కణాల మధ్య ఎడం ఒక మైక్రానే ఉంటే మిల్లీసెకనులోనే వాటి చుట్టూ అయాన్లు ఖాళీ అయిన జోన్లు ఒకదానిమీదొకటి పడిపోతాయి, అక్కణ్ణుంచి పంపకాల గొడవే.

మీ వ్యాసంలో చెప్పింది 1983 నాటి షరిఫ్కర్, హిల్స్ అనే శాస్త్రవేత్తల మోడల్. దాన్ని తక్కువ చెయ్యట్లేదు, చాలా అందమైన పని. వోల్టేజీ పెట్టగానే కణాలు పెరిగేకొద్దీ వాటి ఉపరితలం పెరిగి కరెంట్ ఎక్కుతుంది, జోన్లు కలిసిపోయాక మూపురంలా వంగి దిగుతుంది, చివరికి 1903లో కాట్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పినట్టు టైమ్ వర్గమూలం పెరిగిన కొద్దీ తగ్గుతూ పోతుంది. కాకపోతే ఆ మోడల్ జోన్లన్నిటినీ చదును బిళ్లలుగా మార్చి, అవి ఎంత మేర ఒకదానిమీదొకటి పడతాయో సగటున లెక్కేస్తుంది. అంటే ఊరి మొత్తానికి ఎన్ని నీళ్లొచ్చాయో చెప్తుంది గానీ ఎవరి బోరుకి ఎన్ని అని చెప్పదు.

మా ప్రాజెక్టులో గ్లాసీ కార్బన్ (గాజులా నున్నగా ఉండే కార్బన్) మీద వెండి వేశాం. కరెంట్ గీతని పీక్‌తో భాగించి చూస్తే ఇన్‌స్టంటేనియస్ గీతకీ (కణాలన్నీ ఒకేసారి పుడితే వచ్చేది) ప్రోగ్రెసివ్ గీతకీ (ముందూ వెనకా పుడితే వచ్చేది) మధ్యలో ఎక్కడో పడింది, మా గైడ్ గారు ఇన్‌స్టంటేనియస్ అని రాసెయ్ అన్నారు, రాసేశా. తర్వాత మైక్రోస్కోపు ఫోటో తీస్తే ఆవాలూ శనగలూ కలిపి చల్లినట్టుంది! గీత చూసి సైజుల సంగతి చెప్పేసే అలవాటు మనకి ఎందుకొచ్చిందో గానీ ఇప్పటికీ ప్రతి బ్యాచ్ రిపోర్టులోనూ అదే వరస.

1999లో ఫ్రాన్సేర్, పెన్నర్ అనే శాస్త్రవేత్తలు ఇదే విషయాన్ని కంప్యూటర్‌లో చేసి చూశారు. సగటు లెక్కలు పక్కన పెట్టి, ఒక్కో అయాన్ అడ్డదిడ్డంగా తిరుగుతూ ఏ కణానికి తగులుతుందో చూస్తూ పోయారు. కణాలన్నీ ఒకే క్షణంలో పుట్టినట్టే పెట్టారు, అయినా ఎక్కడబడితే అక్కడ పుట్టినప్పుడు పెరిగేకొద్దీ సైజుల తేడా కూడా పెరుగుతూ పోయింది. అవే కణాల్ని సమాన ఎడంలో వరసగా పేరిస్తే తేడా తగ్గింది. వెనక పుట్టినవి చిన్నవిగా మిగలవని నేననట్లేదు, అదీ ఉంది. కానీ పుట్టిన టైమ్ ఒక్కటీ సరిచేస్తే సరిపోదు, పక్కన ఎవరున్నారనేది కూడా లెక్కలోకి రావాలి.

అందుకే పెన్నర్ గ్రూపు మొదట గట్టి పల్స్ ఒకటి (క్షణకాలం పెద్ద వోల్టేజీ) కొట్టి కణాల్ని పుట్టించి, తర్వాత చాలా తక్కువ వోల్టేజీ మీద నిదానంగా పెంచింది, అప్పుడు అయాన్లు అయిపోయేంత ఆత్రం ఉండదు కాబట్టి పక్కవాడి పోటీ తగ్గుతుంది. మా ఊళ్లో నేను చూసిన షాపులో పూత వేసే పెద్దాయన నగల్ని ద్రావణంలో ఊపుతూనే ఉండేవాడు, ఎందుకు తాతా అంటే ఆపితే గరుగ్గా వస్తదిరా అనేవాడు. ఊపితే కొత్త అయాన్లు వచ్చి చేరతాయి, డిఫ్యూజన్ మీదే ఆధారపడక్కర్లేదు; ఆ పేరు ఆయన విని ఉండడు.

వీలైతే వచ్చే ఆదివారం చిన్న సవరణ వెయ్యండి. కొత్త ఫోటో కూడా అక్కర్లేదు, మీరు వేసిన ఫోటోనే మళ్లీ చూడండి, కుడివైపు గుంపుగా ఉన్నవన్నీ చిన్నవి, కింద మూలన ఒంటరిగా ఉన్నదే అన్నిటికన్నా పెద్దది.

ఇట్లు,
మీ పాఠకుడు, మచిలీపట్నం